ముఖంపై మొటిమ.. మనసుకు గాయం

కన్నడంలో మొడవె, తెలుగులో మొటిమ. బళ్లారిలో ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష అయినా దీని గురించి పెద్దలు చెప్పే మాట ఒక్కటే: 'వయసు కదా, వేడి చేసింది. అవే పోతాయిలే.' మామూలు మొటిమల విషయంలో అది చాలావరకు నిజమే. కానీ బుగ్గల మీద, వీపు మీద గడ్డల్లా లేచి, చీము పట్టి, ముట్టుకుంటే నొప్పెట్టేవి వేరు. అది జబ్బు. వదిలేస్తే గుంటలు పడి జీవితాంతం మిగిలిపోతాయి.

దీనికి కారణం వేడీ కాదు, మురికీ కాదు. ఎదిగే వయసులో హార్మోన్ల ప్రభావంతో చర్మంలో నూనె ఎక్కువగా ఊరుతుంది. వెంట్రుక కుదుళ్లు పూడుకుపోయి, లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. రోజుకు పదిసార్లు సబ్బుతో రుద్దితే చర్మం మండడం తప్ప ప్రయోజనం లేదు.

నొప్పి ఒక ఎత్తు, మాటలు ఒక ఎత్తు. 'ముఖానికేమైందే?' అని పెళ్లిలో పది మంది ముందు అడిగే అత్తయ్య. 'ఇట్లుంటే సంబంధాలు ఎట్లొస్తాయి?' అని నిట్టూర్చే అవ్వ. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. ఆ పిల్ల మాత్రం ఎండ లేకున్నా ముఖానికి చున్నీ చుట్టుకుంటుంది. కాలేజీ ఎగ్గొట్టడానికి సాకులు వెతుకుతుంది. మగపిల్లలైతే అసలు నోరు విప్పరు. నార్వేలో 18, 19 ఏళ్ల వారిపై జరిపి, 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మొటిమలు తీవ్రంగా ఉన్నవారిలో దాదాపు నలుగురిలో ఒకరు ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్టు చెప్పారు. 'మొటిమలే కదా' అని కొట్టిపారేసే విషయమేనా ఇది?

సిగ్గుతో డాక్టర్ దగ్గరికి పోని పిల్లలు మెడికల్ షాపుకు పోతారు. అక్కడ తెల్లబడే క్రీమ్ పేరుతో స్టెరాయిడ్ మందు చేతికొస్తుంది. నాలుగు రోజులు ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంటూ కేంద్రం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అధికారులు దుకాణాల్లో తనిఖీలు చేస్తేనే ఆ ఉత్తర్వుకు విలువ.

వైద్యం లేక కాదు. పూతమందులున్నాయి, మాత్రలున్నాయి. గడ్డల్లాంటి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ బాగా పనిచేస్తుంది. అయితే గర్భిణులు వాడితే బిడ్డకు అవకరాలు వస్తాయి కనుక డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. ఏ మందైనా గుణం కనబడటానికి వారాలు, నెలలు పడుతుంది. మధ్యలో మానేయకూడదు.

పిల్లలు ముభావంగా మారితే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది. కన్నడంలోనే కాదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అంతకంటే ముందు మారాల్సింది ఇంట్లో మాట. 'ముఖానికేమైంది?' అని అడగడం మాని, 'డాక్టర్ దగ్గరికి పోదాం రా' అంటే చాలు.