ఎండుపుల్లలు చూసి పొదను పీకించకండి

వేసవిలో కాలువలు కట్టేశాక మన కలిదిండి గట్ల మీద రేగు, వావిలి పొదలు చూశారా? సగం పుల్లలు ఎండిపోయి ఉంటాయి. "చచ్చిపోయిందిలే, పొక్లెయిన్‌తో తీయించేద్దాం" అంటాం. తొందరపడకండి.

ఇంజను పైపులో గాలి జొరబడితే ఏమవుద్ది? ఇంజను తిరుగుద్ది గాని నీళ్లు ఎత్తదు. కొమ్మలోనూ అంతేనండి. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడుకే వేర్ల నుంచి నీరు సన్నటి గొట్టాల్లో పైకొస్తుంది. నేల ఎండేకొద్దీ లాగుడు బిగుస్తుంది. గొట్టంలో గాలిబుడగ పడి దారి తెగుతుంది. అలాంటివి ఎక్కువైతే ఆ కొమ్మ ఎండుతుంది. అంతమాత్రాన పొద పోయినట్టు కాదు. ఆ కొమ్మ ఆకులు తాగే నీరు మిగిలి, మొదలు బతకడానికి పనికొస్తుంది.

మనకి ఇంకో బాధ ఉప్పు. నేల తడిగా కనపడినా, ఉప్పెక్కితే వేరు నీటిని సరిగా లాగలేదు. పొదకి అదీ కరువే.

నేనూ ఓసారి ఒక గట్టు మీద పొదలన్నీ పీకించాను. వానలకి గట్టు జారిపోయింది. పక్క గట్టు మీద వదిలేసిన రేగు మొదట్లోంచి చిగురేసింది, ఆ గట్టు నిలబడింది. తప్పు నాదే.

అందుకే మొదటి దగ్గర బెరడు గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే. ఎండినంత వరకే కొట్టండి. మిగతాది తొలకరి దాకా వదిలేయండి. మీ గట్ల సంగతి కూడా రాయండి.