పాఠం ఎక్కడిదాకా వచ్చింది?

మొజంజాహీ మార్కెట్, అబిడ్స్ చుట్టుపక్కల వాయిద్యాల దుకాణాల్లో పిల్లలకు వయొలిన్ కొనే పద్ధతి ఒకసారి చూడాలి. పిల్ల ఎడమచేయి బారజాపుతుంది. దుకాణంలో మనిషి వయొలిన్‌ను మెడకింద ఆనించి, అవతలి కొస చేతికి ఎక్కడ తగులుతుందో చూస్తాడు. కొసన ఉండే చుట్ట అరచేతిలో ఇమిడి, వేళ్లు దాని చుట్టూ హాయిగా వంగితే ఆ సైజు సరిపోయినట్టు. వేళ్లు సాగదీయాల్సి వస్తే దాన్ని పక్కన పెట్టి ఇంకాస్త చిన్నది తీస్తాడు. పదహారో వంతు, ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు, ఆపైన ఫుల్ సైజు. పొడుగ్గా ఎదిగిన తొమ్మిదేళ్ల పిల్లకు ముప్పావు సరిపోవచ్చు. ఆమెకంటే పెద్దవాడైన అన్నకు ఇంకా అర సైజే కుదరవచ్చు. చేతి పొడవు చూస్తారు తప్ప పుట్టినరోజు ఎవరూ అడగరు.

వాయిద్యం పట్టుకున్న ఇద్దరు పిల్లలు ఎదురుపడితే మాత్రం మొదట వచ్చే ప్రశ్నలు మూడే. నీకెన్నేళ్లు? ఏం వాయిస్తావ్? పాఠం ఎక్కడిదాకా వచ్చింది? ఒకరు జంట స్వరాల్లో ఉన్నామంటారు, ఇంకొకరు మా అక్క వర్ణాల్లోకి వెళ్లిపోయిందంటారు, కీబోర్డు వాడు నాది గ్రేడ్ త్రీ అంటాడు. ఇందులో తప్పేమీ లేదు. తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలుసుకోవడం, కలిసి వాయించే జోడీ కోసం వెతుక్కోవడం ఆ ప్రశ్నల వెనక ఉన్న ఆరాటం. పిల్లలు ఆ జవాబులు విని ముందుకు సాగిపోతారు. పెద్దవాళ్లే అక్కడ ఆగిపోతారు. "విన్నావా, నీకంటే ఏడాది చిన్నది, అప్పుడే వర్ణం వాయిస్తోంది" అన్న మాట ఇంటికెళ్లే దారిలో మొదలవుతుంది. కొన్ని ఇళ్లలో అది ఏళ్లతరబడి నడుస్తుంది.

ఆ మాటకు ఆధారం చాలా బలహీనం. కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, కృతులు అనే వరుస ఉంది. రాంకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచి పాఠాలు చెబుతోంది. అక్కడ నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో దశాబ్దాలపాటు నడిచిన తెలుగు విశ్వవిద్యాలయం తోడుతో అమెరికాలోని సిలికానాంధ్ర 'సంపద' పేరిట తెలుగు పిల్లలకు సంగీత పరీక్షలు పెట్టింది. పియానో, గిటారు పిల్లలకు లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడ్లు ఉన్నాయి. ఇనిషియల్ నుంచి ఎనిమిది దాకా వెళ్లే ఆ పరీక్షలో నూటికి 60 వస్తే పాస్, 75కు మెరిట్, 87కు డిస్టింక్షన్.

ఈ పద్ధతులన్నీ మంచివే. టీచరుకు దారి చూపిస్తాయి, పిల్లలకు ఓ గమ్యం ఇస్తాయి. అయితే మోహన వర్ణం రెండు కాలాల్లో వాయించే అమ్మాయి ట్రినిటీ ఎన్నో గ్రేడుకు సమానమో చెప్పే పట్టిక ఎక్కడా లేదు. ఇక వయసు సంగతి ట్రినిటీ వారే తేల్చేశారు. ఏ గ్రేడుకూ వయోపరిమితి లేదు, కింది గ్రేడు రాయకుండా నేరుగా పై గ్రేడుకు కూర్చోవచ్చు. పరీక్ష పెట్టేవాళ్లే అడగని ప్రశ్నను ఇంట్లో పట్టుకుని వేలాడటం పిల్లల మీద పెడుతున్న అనవసరమైన బరువు.

ఈ బరువు పెట్టే ముందు తెలుగిళ్లలో తప్పకుండా వినిపించే పేరు మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. తొమ్మిదేళ్లు. "వాడు తొమ్మిదేళ్లకే కచేరీ చేశాడు, నువ్వు ఇంకా గీతాల్లోనే ఉన్నావ్" అనడానికి ఈ లెక్క చాలా తేలిగ్గా అందుతుంది. అనేవాళ్లు మిగతా కథ చెప్పరు. మాండలిన్ ఇంట్లోనే ఉంది, అది తండ్రి సత్యనారాయణది. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆ పిల్లవాణ్ణి చేరదీశారు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ దగ్గర నేర్చుకున్న గాత్రమే ఆయన చేతిలో ఉన్నది. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి, వాటి మీద స్వరాన్ని ఊపి పలికించే గమకం సాగదు. శ్రీనివాస్ తర్వాత జతలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారాడు.

అంటే ఆ వాయిద్యంతో ఈ సంగీతాన్ని అంతదాకా తీసుకెళ్లడానికి అప్పటికి సిలబస్ లేదు, గ్రేడు లేదు. తనకు రాని వాయిద్యం మీద కూడా పిల్లవాడికి సంగీతం చెప్పవచ్చని నమ్మిన గురువు ఉన్నాడు. శ్రీనివాస్ కథ చెప్పాలనుకునే తల్లిదండ్రులు తొమ్మిదేళ్ల దగ్గర ఆపకుండా సుబ్బరాజు గారి దాకా చెప్పాలి.

విజయనగరం కథ దీనికి తిరగేసినట్టుంటుంది. 1919లో అక్కడ మహారాజా సంగీత కళాశాల తెరిచారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్లారని చెబుతారు. ఆయన వయసు అప్పటికి పాతికేళ్లు దాటింది, కంటిచూపు సరిగా లేదు. వాయిద్యం విన్న తర్వాత దొరికింది విద్యార్థి సీటు కాదు, వయొలిన్ ఆచార్యుడి ఉద్యోగం. 1936లో అదే కళాశాలకు అధ్యక్షుడయ్యారు. ఆయన దరఖాస్తులో వయసు చూసి ఇంత పెద్దవాడికి ఇప్పుడెందుకు చదువని పంపేసి ఉంటే తెలుగుదేశంలో వయొలిన్ చరిత్ర మరోలా ఉండేది.

హైదరాబాదులో బాల్యం గడిపిన హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ సంగతి మరీ గట్టిగా చెప్పుకోవాలి. తండ్రి మోతీరామ్ 1934లో ఇక్కడే కన్నుమూశారు, ఆయన సమాధి అంబర్‌పేటలో ఉంది. అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు. బడికి వెళ్లే దారిలో ఒక చిన్న హోటల్ ముందు ఆగిపోయి గజల్ గాయని బేగం అఖ్తర్ రికార్డులు వినేవాణ్ణని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అన్న ప్రతాప్ నారాయణ్ దగ్గర తబలా నేర్చుకుని అన్నలకు సహకారం వాయించేవారు. పద్నాలుగేళ్లప్పుడు, పక్కవాద్యగాళ్లను చులకనగా చూడటం భరించలేక తబలా వదిలేసి గాత్రం పట్టారు. పాడటం వచ్చేదాకా జుట్టు కత్తిరించుకోనని ఒట్టు పెట్టుకున్నారు. తొలి గాత్ర కచేరీ చేసేటప్పటికి ఇరవై రెండేళ్లు.

పద్నాలుగేళ్ల జస్‌రాజ్‌ను ఎవరైనా ఆ మూడు ప్రశ్నలూ అడిగి ఉంటే వయసు ఎక్కువ, వాయిద్యం వదిలేశాడు, గాత్రంలో మొదటి మెట్టు అన్న జవాబులే వచ్చేవి. చేతిలో ఏళ్ల తరబడి పండిన లయజ్ఞానం ఉందన్న సంగతి ఏ గడిలోనూ పట్టేది కాదు.

మొజంజాహీ మార్కెట్‌కు పేరిచ్చిన మనిషికీ ఈ విషయంతో చుట్టరికం ఉంది. 1935లో కట్టిన ఈ రాతి భవనానికి ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. ఆయన 'షజీ' అన్న కలంపేరుతో గజళ్లు రాసిన కవి. ఆయన మెహఫిళ్లలో చిన్న వయసులోనే పాడిన గాయకుడు విఠల్ రావు. తర్వాతి కాలంలో హైదరాబాద్ గజల్ అంటే ఆయన పేరే చెప్పేవారు, 2015లో పోయారు. ఆ మెహఫిల్‌లో బాలుర విభాగం లేదు. పండిన కవులు, ఉస్తాదులు కూర్చున్న చోటే కుర్రవాడు కూడా పాడాడు.

పరిశోధకులు ఈ విషయాన్ని లెక్కలతో చూశారు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థులను మూడు వర్గాలుగా తీసుకుంది. అందరూ మొదలుపెట్టింది దాదాపు ఎనిమిదో ఏటే. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఒంటరిగా చేసిన సాధన మాత్రం మేటి వర్గంలో సుమారు 7,400 గంటలు, మధ్య వర్గంలో 5,300, సంగీత టీచర్లు కాబోయేవాళ్లలో 3,400. 2019లో బ్రూక్ మెక్‌నమారా, మేఘా మైత్ర ఇదే అధ్యయనాన్ని మళ్లీ చేసి చూస్తే మేటి వర్గం, మధ్య వర్గం చేసిన సాధన ఇంచుమించు ఒకటేనని తేలింది. ఆ పైన తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. వయసు కొలబద్ద పనికిరాదని మొదటి అధ్యయనం చెబితే, గంటల కొలబద్ద కూడా కొంతదూరమే వస్తుందని రెండోది చెప్పింది.

ఇంత తెలిసినా పిల్లలకు దొరికే వేదికలు చాలావరకు పోటీలే. సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. పదేళ్లవాడు పదేళ్లవాళ్లతోనే తలపడతాడు, వేదిక దిగి మార్కులు చూసుకుని వెళ్లిపోతాడు. కచేరీ సంప్రదాయం అలా నడవలేదు. పాడే అమ్మాయికి పదహారేళ్లుంటే మృదంగం మీద అరవై ఏళ్ల పెద్దాయన కూర్చుంటాడు. తాళం తడబడితే కళ్లతోనే సర్దుతాడు, తాళవాద్యాల వంతైన తని ఆవర్తనంలో ఆమెకు ఊపిరి పీల్చుకునే సమయం ఇస్తాడు. ఎనిమిదేళ్లకే కచేరీ చేసి, గాత్రంతో పాటు వయోలా, వయొలిన్, మృదంగం, కంజీరా పట్టిన బాలమురళీకృష్ణ ఎదిగింది అలాంటి పెద్దల మధ్యే. తమకంటే బాగా వాయించేవాళ్ల పక్కన కూర్చోవడంలో వచ్చే చదువు పోటీలో రాదు.

మరమ్మతుల తర్వాత 2020 ఆగస్టులో మొజంజాహీ మార్కెట్ మళ్లీ ముస్తాబై తెరుచుకుంది. మధ్యలో మంచి ఆవరణ ఉంది. నెలకో ఆదివారం పొద్దున, పళ్ల బేరాలు, ఐస్‌క్రీం రద్దీ పుంజుకోక ముందు, రెండు గంటలు దాన్ని పిల్లలకు ఇవ్వాలి. పోటీ వద్దు, బహుమతులు వద్దు. జట్టుకు నలుగురైదుగురు. ఏ ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే వాయిద్యం కాకూడదు, గీతాలు దాటని పిల్ల ఒకరైనా ఉండి తీరాలి. మొదలుపెట్టడానికి మలహరి గీతం చాలు. కొత్తగా నేర్చుకునే వయొలిన్ పిల్ల మొదటి కాలంలో వాయిస్తుంది, తబలా కుర్రాడు రూపక తాళం పట్టుకుంటాడు, కీబోర్డు వాడు శ్రుతి ఇస్తాడు, పాడే అక్క దాన్నే రెండో కాలానికి తీసుకెళుతుంది. గ్రేడ్ త్రీ వాడికీ గీతాలు దాటని అమ్మాయికీ మొదటిసారి ఒకే పని దొరుకుతుంది.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు. స్థలం ఇవ్వాల్సింది జీహెచ్‌ఎంసీ. పిల్లల్ని పంపాల్సింది రాంకోటి కళాశాల, అబిడ్స్, గన్‌ఫౌండ్రీ బళ్లు, ఇళ్లలో పాఠాలు చెప్పే టీచర్లు. విజయదశమికి ఎలాగూ కొత్త పాఠాలు మొదలవుతాయి కాబట్టి తొలి ఆదివారం ఆ వారంలోనే పెట్టుకోవచ్చు. పేర్లు నమోదు చేసే కాగితంలో వయసు, గ్రేడు గడులు తీసేసి ఎవరితో కలిసి వాయిస్తావన్న గడి ఒక్కటి పెడితే నిర్వాహకులకు జట్లు కట్టే పని కూడా సగం తగ్గుతుంది.