ఆంబులెన్సులో కూర్చుండువానికి గురువెవరు?

గత వేసవిలో పరీక్షాఫలితములు వెలువడిన వారమున, మన పాఠశాలలో పదవ తరగతి ముగించి, పిమ్మట ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము చదివిన యొక బాలుని తండ్రి యాప్రాల్‌లోని మా యింటికి వచ్చెను. ఆయన ముఖము చిన్నబోయి యుండెను. కుమారునికి వైద్యకళాశాలలో సీటు రాలేదు. అంతకంటె ఆయనను నొప్పించిన సంగతి, ఆ పిల్లవాడు పారామెడిక్ చదువునకు, అనగా అత్యవసర వైద్యసహాయ శిక్షణకు, పోయెదనని పట్టుపట్టుట. “సారూ, డాక్టరును చేయవలెనని యనుకొంటిమి. వీడు ఆంబులెన్సు బండి యెక్కెదనని చెప్పుచున్నాడు. నలుగురిలో ఏమని చెప్పుకొనవలెను? మీరైన బుద్ధి చెప్పండి” అని యాయన వేడెను.

నేను బాలునికి బుద్ధి చెప్పలేదు. తండ్రికే రెండు మాటలు చెప్పితిని. అవి సరిగా చెప్పలేకపోతినని తోచి, ఇచట కొంచెము విపులముగా వ్రాయుచున్నాను. మన బాలబాలికల తలిదండ్రులలో ఇట్టి చిక్కున పడినవారు మఱికొందఱు ఉందురు.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువు దినములలో ప్రథమచికిత్స పరీక్షయందు నేను మంచి మార్కులతో కృతార్థుడనైతిని. ఆ ధ్రువపత్రము నేటికిని నా పెట్టెలో భద్రముగా నున్నది. మూడేండ్ల క్రిందట ఒక వానకాలపు సాయంకాలమున, యాప్రాల్ నుండి కౌకూరు వైపు పోవు దారిలో, నా కన్నులయెదుటనే ఒక పాలవాని మోటారుసైకిలు జారిపడెను. పాలక్యాను అంచు తెగి, అతని తొడ లోతుగా కోసికొనిపోయెను. నెత్తురు వాననీటితో కలిసి కారుచుండెను. నేను నేర్చిన పాఠమంతయు అక్షరము తప్పకుండ జ్ఞప్తికి వచ్చెను. చేతులు మాత్రము కదలలేదు. గాయముపై గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టవలెనని నాకు తెలియును. అయినను నేను చేసిన కార్యమేమన, “నీళ్లు, నీళ్లు” అని కేకలు వేయుట. దారిప్రక్కన కూరగాయలమ్ము ఒక అవ్వ, అక్షరము రానిది, తన కొంగు మడిచి ఆ గాయముపై రెండు చేతులతో అదిమిపట్టెను. ఎవరో 108కి ఫోను చేసిరి.

బండి వచ్చెను. అందులోనుండి దిగినది ఇరువదినాలుగేండ్లకు మించని యొక యువతి. ఆమె పరుగెత్తలేదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనుచునే అవ్వతో, “తియ్యకు అవ్వా, మంచిగ పట్టుకున్నవ్, అట్లనే ఉంచు” అని చెప్పి, కట్టు సిద్ధపఱచుకొని, అప్పుడుగాని అవ్వ చేతులు తీయనీయలేదు. కట్టు బిగించిన పిమ్మట కాలివ్రేళ్లను తాకి స్పర్శ తెలియుచున్నదా యని యడిగెను. మెడ, తల, కడుపు చూచెను. ఫోనులో వైద్యునితో మాటలాడెను. పాలవానికి తోడెవరును లేనందున నేను ఆ బండిలో ఆసుపత్రిదాక వెళ్లితిని. అతనిని అచట అప్పగించి, ఆమె బండిలోని నెత్తురు కడుగుచుండగా, ఇంత నిబ్బరము ఎట్లు వచ్చినదమ్మా యని యడిగితిని. “మా మేడమ్ మాతో చీకట్ల, వానల చేయించేది సార్. ఒక్కటి తప్పైతే మళ్ల మొదటినుంచి” అని చెప్పి, తుడుపుగుడ్డ పిండుకొనెను.

ఆ మాట నన్ను విడువలేదు. మాకు బోధన నేర్పిన విధము వేఱు. నిజమైన తరగతిలో, నిజమైన అల్లరిపిల్లల యెదుట మమ్ము నిలువబెట్టి, మా గురువుగారు వెనుకబల్లపై నోటుపుస్తకముతో కూర్చుండి మా తప్పులు వ్రాసికొనెడివారు. అందుచేతనే నేటికిని ఎంత గోల తరగతిలోనైన నా నోరు పెగలును. ప్రథమచికిత్సను మాత్రము నేను ప్రశ్నోత్తరములుగా నేర్చితిని. ప్రశ్నాపత్రము లేనిచోట అది నాకు అక్కఱకు రాలేదు.

మన ప్రాంతమున ఈ విద్యయొక్క చరిత్ర చిన్నది. అయినను అది మన వాకిటనే ఆరంభమైనది. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 సేవ మొదలాయెను. దానిని నెలకొల్పిన ఇ.ఎం.ఆర్.ఐ. అను సంస్థ మనకు ఉత్తరదిక్కున, మేడ్చల్ దారిలో, దేవరయాంజాల్ వద్ద నున్నది. అంతకు పూర్వము చాలచోట్ల ఆంబులెన్సనగా ఒక బండి, ఒక డ్రైవరు, ఒక పడక. రోగిని పడుకొనబెట్టి వేగముగా తోలుటయే సహాయము. 108 బండిలో తోలువానికి పైలట్ అని గౌరవమైన పేరు పెట్టిరి. రోగిప్రక్కన ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అను శిక్షితుని కూర్చుండబెట్టిరి. కేంద్రమున ఫోనుద్వారా సలహా చెప్పు వైద్యుని ఉంచిరి. బండ్లు డబ్బిచ్చిన దొరకును. వెనుక కూర్చుండువారు అట్లు దొరకరు గనుక, 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యులతో కలిసి రెండేండ్ల పారామెడిక్ శిక్షణ నారంభించిరి. ఈ బండ్లను పిలుచువారిలో ప్రమాదములలో చిక్కినవారే కాక గర్భిణీస్త్రీలును చాలమంది గలరు. ఆసుపత్రి చేరకముందే దారిలో బండి నిలిపి కాన్పు చేయవలసివచ్చుట అరుదు కాదు. రెండు ప్రాణములు ఆ బండిలోని యొక్క మనిషి చేతులలో నుండును. ఆ చేతులను ఎవరు తీర్చిదిద్దిరో మనలో ఎవరైన ఎప్పుడైన విచారించితిమా?

ఈ విచారణకు సముద్రమునకు ఆవలనున్న యొక కథ సహాయపడును. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున 1960లలో రోగులను ఆసుపత్రికి చేర్చువారు సాధారణముగా పోలీసులు; వారి వ్యానులో పడుకొనబెట్టి తీసికొనిపోయెడివారు. పీటర్ సాఫర్ అను వైద్యుడు, నోటితో నోటికి ఊపిరి యిచ్చు పద్ధతిని స్థిరపఱచినవారిలో నొకడు, 1966లో తన కుమార్తెను ఉబ్బసముచేత పోగొట్టుకొనెను. మఱుసటి సంవత్సరము నుండి ఆయన, ఆ నగరపు హిల్ డిస్ట్రిక్టు అను పేట నుండి, పనికిరానివారని లోకము త్రోసివేసిన నీగ్రో యువకులను చేరదీసి, సుమారు 300 గంటల శిక్షణ నిప్పించెను. ఆ సేవకు ఫ్రీడమ్ హౌస్ అని పేరు. తరువాత నాన్సీ కరోలిన్ అను యువవైద్యురాలు వారికి నాయకురాలై, కార్యాలయములో కూర్చుండక, వారితోపాటు బండియెక్కి వీథులలో తిరిగెను. ఆ అనుభవమునుండియే ఆమె పారామెడిక్కులకు పాఠ్యగ్రంథము వ్రాసెను. 1975లో నగరపాలకులు ఆ పనిని తమ చేతిలోనికి తీసికొని, దానిని కట్టి నిలిపిన ఆ మనుష్యులనే చాలమందిని ప్రక్కకు నెట్టిరి. లోకమునకు విద్య మిగిలినది; దానిని సంపాదించి యిచ్చినవారికి ఉద్యోగము మిగులలేదు. ఇది చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా అభిప్రాయము చెప్పెదను. నేడు మన నగరమున అనేక కళాశాలలు పారామెడిక్ తరగతులు తెఱచుచున్నవి. అట్టి తరగతికి అధిపతి ఎవరై యుండవలెను? పెద్ద డిగ్రీలుగల వైద్యుని పేరు బోర్డుపై వ్రాసిన చాలునని కొందఱు యాజమానులు తలంతురు. ఏండ్ల తరబడి బండిలో తిరిగిన టెక్నీషియనే తగునని ఆ వృత్తివారు కొందఱు వాదింతురు. నేను డిగ్రీని తక్కువ చేయను. సాఫర్ వైద్యుడే, కరోలిన్ వైద్యురాలే. కాని కరోలిన్ బండియెక్కెను. అధిపతి యెవరైనను, నెలకు కొన్ని దినములైన విద్యార్థులతో బండిలో కూర్చుండి, వారి చేతులను చూడనియెడల, ఆయన నడపునది ఆఫీసుగాని శిక్షణ కాదు. మఱియొకటి. సరిగా నేర్వని విద్యార్థికి పత్రము నిరాకరించు అధికారము ఆయనకుండవలెను. పాఠశాలలో మేము ఒకనిని దయతలచి పై తరగతికి పంపితిమేని, నష్టపడువాడు వాడొక్కడే. ఇచట దయతలచి పంపినవాడు రేపు మన తల్లి ప్రక్కన కూర్చుండును.

ఒక్క సంగతి చూడుడు. గుండె ఆగినవాని రొమ్మును నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కవలెను. పెద్దవారికైన లోతు 5 సెంటీమీటర్లకు తగ్గరాదు, 6కు మించరాదు. నొక్కిన ప్రతిసారి రొమ్ము పూర్తిగా పైకి లేవనీయవలెను. నేర్పుటకు ఇది మూడు వాక్యములు. కాని నొక్కువాడు అలసిపోవుచున్నను తాను సరిగానే నొక్కుచున్నానని యనుకొనును; లోతు తగ్గుచున్నదని ప్రక్కన నిలిచినవాడే కనిపెట్టవలెను. అందుచేతనే రెండు నిమిషముల కొకసారి మనిషిని మార్చుదురు. నలువదిమంది తరగతికి ఒక్క బొమ్మ నుంచి, ఒక్కొక్కనిచేత ముప్పది నొక్కులు నొక్కించి, ఆయెనని వ్రాసికొనిన, ఈ సంగతి గురువునకును తెలియదు, శిష్యునకును తెలియదు.

ప్రభుత్వమువారు కొంత దారి వేసిరి. 2021లో చేసిన జాతీయ చట్టమున అనుబంధ వైద్యవృత్తులలో అత్యవసర వైద్యసహాయకుని చేర్చిరి. ఇట్టి వృత్తులకు కనీసము 2000 గంటల చదువు ఉండవలెనని విధించిరి. దారిలో పడినవానికి సాయపడిన వానిని పోలీసులు వేధింపరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పెను. 2019లో మోటారువాహనముల చట్టమున ఆ రక్షణను చేర్చిరి. ఆ సహాయకునికి మంచి సమరయుడని లూకా సువార్తలోని పేరే వాడుకలో నున్నది. ఆ ఉపమానముపై నేను చాల ప్రసంగములు వింటిని. ఆయన కనికరమునుగూర్చి చెప్పనివారు లేరు. ఆయనకు గాయములు కట్టుట వచ్చునని చెప్పినవారు నాకు తటస్థింపలేదు. కనికరము నాకును ఆనాడు కావలసినంత కలిగెను. పాలవానికి అది ఎందునకును కొఱగాలేదు.

ఈ వృత్తిలో జీతములు స్వల్పము, పని గంటలు దీర్ఘము. ఈ మాట దాచిపెట్టి పిల్లలను పంపుట మోసము. కాని వైద్యసీటు రానివానికి ఇది మిగులుబడి యని తలంచుటయు మోసమే. ఆ తలంపుతో చేరినవాడు ఆ తలంపుతోనే రోగిప్రక్కన కూర్చుండును.

ఆ తండ్రితో నేను చెప్పినది ఇంతే: రుసుము కట్టకముందు కళాశాలకు స్వయముగా పొండు. అధిపతి కడపట ఎప్పుడు బండియెక్కెనో యడుగుడు. బొమ్మలెన్ని, పిల్లలెందఱు అని లెక్కించుడు. బండిలో ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అని వ్రాతమూలముగా కోరుడు.

ఆయన రెండు చోట్లకు పోయి వచ్చెను. మొదటిచోట చల్లని గదిలో కూర్చుండబెట్టి టీ యిచ్చిరి, అభ్యాసశాల చూపిరి, అచటి బొమ్మకు తొడిగిన ప్లాస్టికు సంచి ఇంకను తీయలేదు. రెండవచోట ఆయన వరండాలో రెండు గంటలు నిలువవలసివచ్చెను. అధిపతి లేదు, విద్యార్థులతో బండిలో వెళ్లినదట. వచ్చునప్పటికి ఆమె చీరయంచున బురద, ముఖమున అలసట. పట్టుమని పది నిమిషములైన మాటలాడలేదట. “ఇదేమి మర్యాద సారూ, పెద్దమనిషిని అంతసేపు నిలబెట్టుట?” అని ఆయన నాయొద్ద నొచ్చుకొనెను. అచటనే రుసుము కట్టుమని చెప్పితిని.