తుప్పును కప్పరాదు

అంబాసిడరు కారు నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయెను. కావున ఆ పాతబండి రేకులను ఇంటనే బాగుచేసికొనుట మెచ్చదగినదే. అయితే తుప్పుమీద పుట్టీ మెత్తి రంగు పూయుట మరమ్మతు కాదని మా యభిప్రాయము.

ఇనుమునకు నీరును, ప్రాణవాయువును తగిలినచోట తుప్పు పుట్టును. రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు బొగ్గుధూళి తలుపుల యడుగున నీరు జారు రంధ్రములలో పేరుకొనినచో వానతడి లోననే నిలుచును. పైరంగు ఉబ్బునప్పటికే లోపలిరేకు చెడియుండును. పుట్టీ క్రింద నా తుప్పు సాగుచునే యుండును.

చెడిన భాగమును గట్టిరేకు కనబడువరకు కోసి, అంతే మందముగల క్రొత్తరేకును వెల్డింగుచే అతికి, రెడాక్సైడు పూసిన పిమ్మటనే రంగు వేయవలెను. రంధ్రములను శుభ్రపరచవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీని విప్పి, పెట్రోలుటాంకిని తొలగింపవలెను. విద్యార్థులారా, ఈ పనిని దూరమునుండి చూచి నేర్చుకొనుడు. నిప్పుపనికి చేయి పెట్టకుడు.

ఇందు శ్రమయు వ్యయమును కలవు, నిజమే. కాని అంబాసిడరునకు లారీవలె వేరుచట్రము లేదు. అడుగురేకును, తలుపుల క్రింది గడపరేకును బండి బలమున కాధారములు. అచ్చటి తుప్పును రంగుచే దాచి బండి నమ్మువాడు, కొనినవాని కుటుంబము ప్రాణములను పణముగా నొడ్డుచున్నాడు.