కాలము చెల్లిన సమాచారము

పూర్వము భూమి తగాదా వచ్చినపుడు రైతు కరణమునొద్దకో, పట్టణమునందలి వకీలునొద్దకో పోయెడివాడు. నేడు ముందుగా చేతిలోని ఫోనులో వెదకుచున్నాడు. సమాచారము ప్రజలకు చేరువగుట మాకును సంతోషకరమే. కాని దొరకినది నేటిదా, గడచిన కాలమునాటిదా యని విచారించువారు కొలదిమందియే. విచారించినను జవాబు సులభముగ లభించుట లేదు.

తెలంగాణమునందలి భూముల విషయమే చూడుడు. 2020 అక్టోబరులో ధరణి పోర్టలు ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరపు చట్టము రెవెన్యూ కోర్టులను రద్దుచేయగా, వివాదములకు సివిలు కోర్టే దిక్కయ్యెను. 2025 ఏప్రిలు 14వ తేదీన దాని స్థానమున భూభారతి చట్టము అమలులోనికి వచ్చి, రెవెన్యూ అధికారుల నిర్ణయములపై అప్పీలునకు మార్గ మేర్పరచెను. అయినను ధరణి కాలపు వివరణలు అంతర్జాలమున నట్లే యున్నవి. వానిని చదివి తనకు అప్పీలు లేదని తలంచిన రైతు గడువు దాటువరకు ఊరకుండినచో ఆ నష్టమునకు బాధ్యులెవరు? ఆంధ్రప్రదేశమున 2023 అక్టోబరులో అమలులోనికి వచ్చిన ల్యాండ్ టైట్లింగు చట్టము 2024లో రద్దయ్యెను. దానినిగూర్చిన వ్రాతలు మాత్రము రద్దు కాలేదు.

దీనికి కారణము శోధనయంత్రపు స్వభావమునందే కలదు. అది ముందుగా పుటలను సేకరించి సూచిక తయారుచేసికొని, అందుండి జవాబిచ్చును. 1998లో గూగులు వెలసిన నాటినుండియు, పెక్కు పుటలు లింకులతో చూపెడి పుటకు ఎక్కువ విలువ నిచ్చుట దాని పద్ధతులలో ముఖ్యమైనది. పాత పుటకు సాక్షులు పలువురు. నిన్న పుట్టిన పుటకు సాక్షులు లేరు. క్రొత్తదనమునకును కొంత విలువ నిచ్చుచున్నమాట నిజమే. తుపాను వార్తకును, క్రికెట్టు ఆటకును అది చాలును. సద్దుచేయక మారిన నిబంధనకు చాలదు. పైగా లోపలి విషయమును మార్చక పైనున్న తేదీని మాత్రము మార్చువారును కలరు. ఇటీవల యంత్రమే పలు పుటలను కలిపి జవాబు వ్రాసి యిచ్చుచున్నది. అందు పాతదియు క్రొత్తదియు నేకమైనచో తేడా కనుగొనుట మరింత కష్టము.

యంత్రమును నిందించి ఊరకుండుట మా యుద్దేశము కాదు. చట్టమును మార్చిన ప్రభుత్వమే ఆ మార్పును ప్రజలకు తెలియజేయవలెను. ప్రతి ఉత్తర్వు పైనను అమలు తేదీ యుండవలెను. రద్దయినదానిని తొలగింప నక్కరలేదు, పాత వ్యవహారములకు దానితో పనియుండును. కాని దాని నెత్తిన “రద్దయినది” యని వ్రాసి, క్రొత్తదానికి దారి చూపవలెను. ఉత్తర్వులను కాగితపు ఫొటోలుగా గాక, యంత్రము చదువగల తెలుగు అక్షరములలో నుంచవలెను. ఇందుకు గొప్ప వ్యయము కాదు; శ్రద్ధయే కావలెను.

పాఠకులకును మాదొక మనవి. వెదకునపుడు గడచిన సంవత్సరమునకు మాత్రమే పరిమితము చేసికొను సౌకర్యము కలదు, దానిని వాడుకొనుడు. దొరకిన పుట ఏ చట్టమును, ఏ సంవత్సరమును చెప్పుచున్నదో చూడుడు. సొమ్ము చెల్లించుటకు ముందు, సంతకము చేయుటకు ముందు, తహశీలుదారు కచేరీలో నొకమారు విచారింపుడు. తేదీ చూడక పత్రమును నమ్మని మన రైతు, తేదీ చూడక పుటను మాత్రమేల నమ్మవలెను?