రసీదు మీద ఎవరి పేరు?

2019 మే నెల. హైదరాబాద్ శివార్లలో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ కాలేజీ. పేరెందుకు, అలాంటివి ఆ రోడ్డు పొడవునా ఉన్నాయి. పరీక్షల ముందు ఫీజు కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఉండే రద్దీయే. బాకీ లేదని అకౌంట్స్ సెక్షన్ వాళ్లు ముద్ర వేస్తే గాని హాల్ టికెట్ చేతికి రాదు. ఆ ముద్ర కోసం వికారాబాద్ వైపు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక కవరు తీసి కౌంటర్ మీద పెట్టింది. బంగారం కుదువపెట్టుకుని అప్పులిచ్చే కంపెనీ కవరు అది. క్లర్కు నోట్లు లెక్కపెట్టి రసీదు ఇచ్చాడు. ఆమె దాన్ని కొడుకు చేత చదివించుకుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, మొత్తం, తేదీ.

"గీ రసీదు మీద నా పేరు రాయరాదా సారూ? పైసల్ నేను తెచ్చిన గదా" అంది.

క్లర్కు నవ్వాడు. "ఎవరి పేరుంటే ఏందమ్మా, పైసలు జమైనయ్ గదా" అన్నాడు. కొడుకు సిగ్గుపడిపోయి "అమ్మా, నడువ్" అని చెయ్యి పట్టి లాగాడు. ఆమె నా వైపు చూసింది. ఆడమనిషిని, పైగా టీచర్ని, నాకైనా అర్థమవుతుందనుకుని ఉంటుంది. నేనేమన్నానో తెలుసా? "కంప్యూటర్‌లో ఆ కాలమ్ లేదమ్మా."

ముప్పై ఏళ్లపాటు స్త్రీవాదం మీద వ్యాసాలు రాసినదాన్ని, సభల్లో మాట్లాడినదాన్ని. అవసరమైన చోట నా నోటి నుంచి వచ్చిన మాట అది!

అన్నట్టు, ఆ అబ్బాయికి తండ్రి ఉన్నాడు. మంచివాడేనట, పొలం పని వదిలి రాలేకపోయాడట. నా వాదన నిలబడ్డానికి తాగుబోతు మొగుడు అక్కర్లేదు.

ఏటా ఎంట్రన్సు ఫలితాలు వచ్చినప్పుడు పేపర్లలో ఫొటోలు వేస్తారు. ఆటో డ్రైవర్ కొడుకు, రైతు బిడ్డ, కూలీ కొడుకు. కుటుంబమంతా కష్టపడి చదివించారు అని రాస్తారు. ఈ "కుటుంబమంతా" అనే మాట దగ్గరే నాకు పేచీ. కుటుంబం అనేదానికి చేతులుండవు, మెడ ఉండదు. ఏ మెడలోంచి తీశారు? ఎవరి పేరు మీద అప్పు తెచ్చారు? ఎవరి చదువు ఆపి ఎవరి చదువు నడిపారు? ఈ ప్రశ్నలు పేపరువాళ్లు అడగరు, ప్రభుత్వం అడగదు. 2025లో జాతీయ గణాంకాల వాళ్లు చదువు ఖర్చు మీద ఒక సర్వే చేశారు. అది బడి పిల్లల గురించిన సర్వే. చదువుకి ప్రధానంగా డబ్బు ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే 95 శాతం మంది విషయంలో వచ్చిన జవాబు - ఇంట్లోని ఇతర సభ్యులు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు అన్నది 1.2 శాతం. ఆ "ఇతర సభ్యులు" అనే కాలమ్ చూసినప్పుడు నాకు ఆ కౌంటరే గుర్తొచ్చింది. మా కంప్యూటర్‌లో లేని పేరు వాళ్ల సర్వేలోనూ లేదు.

ఇంకొకరి అమ్మ సంగతి ఎందుకు, మా ఇంటి లెక్కే చెప్తాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అక్క, అన్నయ్య, నేను. అక్క 1977లో ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. గుంటూరులో హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. చదవాలని దాని కోరిక. అప్పుడే అన్నయ్యని విజయవాడలో మంచి చోట చేర్పించాల్సి వచ్చింది. "ఇద్దరికీ హాస్టలు ఖర్చంటే ఎక్కడ తేను?" అన్నారు నాన్న. అది నిజమే, మాకున్నది ఐదెకరాలు. కానీ ఆ నిజానికి జవాబు మాత్రం ఎవరూ ఆలోచించకుండానే దొరికేసింది. అక్క మిషను నేర్చుకుంది. 1979లో పెళ్లి చేశారు.

1981లో అన్నయ్యకి ఇక్కడ ఇంజినీరింగ్ సీటు రాలేదు. ఆ రోజుల్లో మనవాళ్లు డొనేషన్ కట్టి మగపిల్లల్ని కర్ణాటక పంపేవారు. బస్సుల నిండా తెలుగు పిల్లలే ఉండేవారని అన్నయ్య ఇప్పటికీ నవ్వుతూ చెప్తాడు. మన రాష్ట్రం 1983లో క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది, తర్వాత సుప్రీంకోర్టు తీర్పులూ వచ్చాయి. పేమెంట్ సీటని, మేనేజ్‌మెంట్ కోటా అని పేర్లు మారాయి. అది వేరే కథ. మా ఇంట్లో డొనేషన్ కోసం అమ్మ చంద్రహారం పోయింది. అది చాలక, పురిటికి పుట్టింటికి వచ్చిన అక్క దగ్గర కాసులపేరు "ఆరు నెలల్లో విడిపించి ఇస్తాం" అని తీసుకున్నారు. ఆరు నెలలు ఎన్ని దాటాయో చెప్పక్కర్లేదు కదా! అత్తగారింట్లో ప్రతి పెళ్లికీ పేరంటానికీ "నీ కాసులపేరు ఏదే?" అని అడిగేవారట. అక్క "బ్యాంకు లాకర్లో ఉందండీ" అని చెప్పేదట. పదిహేనేళ్లు చెప్పింది ఆ అబద్ధం.

అమ్మ పోయాక దాని ట్రంకుపెట్టెలో తాకట్టు చీటీ దొరికింది. రెండు నగల తూకం, వచ్చిన డబ్బు, వడ్డీ వివరంగా రాసి ఉన్నాయి. సొంతదారు అన్నచోట నాన్న పేరు. స్త్రీధనం మీద భర్తకి ఏ హక్కూ లేదని, అది పూర్తిగా ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. మా ఇంట్లో నగలు పోయిన నాలుగేళ్లకి! అయినా ముందే చెప్పి ఉంటే మాత్రం అమ్మ కోర్టుకి వెళ్లేదా?

నా సంగతి మరోలా జరిగింది. నేను దగ్గర్లో ఉన్న కాలేజీలో బి.ఏ. చదివాను. నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ.కి మెస్సు బిల్లు తప్ప పెద్ద ఖర్చు లేదు. ప్రభుత్వం డబ్బుతో నడిచిన చదువు నాది. తర్వాత ఆస్తి పంపకాలప్పుడు నాన్న అన్నమాట: "నిన్ను చదివించాం కదమ్మా, అదే నీ వాటా." 1985 నాటికి పెళ్లి కాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ చట్టం. ఆ చట్టం గురించి క్లాసులో చెప్పేదాన్ని కూడా. అయినా హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టొచ్చాను. ఆడపిల్లకి చదువు వాటా కింద లెక్క, మగపిల్లవాడికి చదువు చదువే, వాటా వాటాయే. అన్నయ్య డొనేషన్ని ఎవరూ వాటాలో తగ్గించలేదు. అక్కకైతే చదువూ లేదు, వాటా కింద కట్నం ఇచ్చామన్నారు. ఆ కట్నంలో భాగమే ఆ కాసులపేరు!

ఇదంతా పాతకాలం ముచ్చట, ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువ చదువుతున్నారు అంటారు. నిజమే. 2021-22 లెక్కల్లో ఉన్నత విద్యలో ఆడపిల్లల స్థూల నమోదు నిష్పత్తి 28.5, మగపిల్లలది 28.3. సంతోషించాల్సిందే. కానీ ఇంజినీరింగ్‌లో దేశం మొత్తం మీద ఆడపిల్లలు మూడో వంతు కూడా లేరు. ఎక్కడ ఫీజు తక్కువో అక్కడ ఆడపిల్లలు నిండుతున్నారు. నేను పనిచేసిన చోటే ఎన్నిసార్లు విన్నానో - మేనేజ్‌మెంట్ కోటాలో కొడుకుని చేర్చడానికి వచ్చిన ఇంట్లో కూతురు ఏం చదువుతోందని అడిగితే "ఊళ్లోనే డిగ్రీ మేడమ్, బస్ పాస్ ఉంది" అనేవారు. లెక్కల్లో ఇద్దరూ ఉన్నత విద్యలో ఉన్నట్టే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది కదా అనొచ్చు. 2008 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో అది పెద్ద ఎత్తున అమలైంది. అది లేకపోతే నా క్లాసుల్లో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. ముఖ్యంగా దళిత, బీసీ ఇళ్ల నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లల్ని చూశాను, ఆ పథకాన్ని తేలిగ్గా మాట్లాడలేను. కానీ తెలంగాణలో బీసీ పిల్లలకి ఎంట్రన్సులో పదివేల లోపు ర్యాంకు రాకపోతే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయలే ఇచ్చేవారు. కాలేజీ ఫీజు దానికి రెండింతలో, అంతకన్నా ఎక్కువో. ఆ మిగతాది ఎవరిది? ఇక ప్రభుత్వం ఇస్తానన్నది సంవత్సరాల తరబడి ఇవ్వదు. బకాయిల కోసం 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్ కూడా పెట్టాయి. యాజమాన్యానికి బంద్ పెట్టే దారి ఉంది. చదువైపోయి ఉద్యోగం వచ్చిన అమ్మాయి సర్టిఫికెట్ల కోసం వెళ్తే "గవర్నమెంటు నుంచి మీ డబ్బు రాలేదు, మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటారు. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చెప్తే ఏం? అప్పుడు మళ్లీ ఆ కవరు బయటికొస్తుంది. ప్రభుత్వం ఆలస్యానికి వడ్డీ అమ్మ గాజులు కడతాయి.

గాజులు లేని అమ్మలు డ్వాక్రా అప్పు తెస్తారు. కాగితం మీద గేదె, లేకపోతే కిరాణా కొట్టు. అసలు సంగతి సెమిస్టర్ ఫీజు. గ్రూపులో అందరికీ తెలుసు, లీడరుకీ తెలుసు. వాయిదా తప్పితే వచ్చి గుమ్మంలో కూర్చునేది తోటి ఆడవాళ్లే. ఆ అప్పు ఆమె పేరు మీదే ఉంటుంది. గమనించండి, అప్పు కాగితం మీద ఆడమనిషి పేరు చక్కగా పడుతుంది, ఫీజు రసీదు మీదే పడదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిత్రం జరిగింది. విద్యా దీవెన పేరుతో ఫీజు డబ్బుని తల్లుల ఖాతాల్లో వేయడం 2021లో మొదలుపెట్టారు. తల్లి తీసుకుని వారంలోగా కాలేజీలో కట్టాలి. ఇది స్త్రీల సాధికారత అని నేనూ సంబరపడ్డాను, దాచుకోను. తల్లులు డబ్బు కట్టడం లేదని, వాడేసుకుంటున్నారని కాలేజీల వాళ్లు కోర్టుకెక్కారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. తర్వాత తల్లీ పిల్లల జాయింటు ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక డబ్బు నేరుగా కాలేజీలకే ఇవ్వాలని నిర్ణయించారు. ఇంత గొడవలో ఒక్క విషయం ఎవరికీ తట్టలేదు. ఆ తల్లి ప్రభుత్వం డబ్బు మోసుకెళ్లే బంట్రోతుగా మాత్రమే కనిపించింది రెండు పక్షాలకీ. అప్పటికే తన డబ్బు కట్టిన మనిషిగా కనిపించలేదు. బ్యాంకులో పడ్డ డబ్బు ఆమె పాత చేబదులు తీర్చడానికి వాడి ఉంటే, ఆ చేబదులు దేనికి చేసిందో అడిగారా ఎవరైనా?

కన్నబిడ్డకి పెట్టిన దానికి లెక్కలేమిటి, మీ స్త్రీవాదులు తల్లి ప్రేమకి కూడా బిల్లు రాస్తారు అని ఒక సాహితీ మిత్రుడు నాతో అన్నాడు. ఇంట్లో లెక్కలు లేకపోతే అలాగే అనుకుందాం. కానీ నాన్న తాకట్టు చీటీ దాచారు, ఆస్తి పంచారు, నా చదువుని వాటాలో కోశారు. లెక్కలు ఉన్నాయి. అమ్మ పద్దు ఒక్కటే ప్రేమ కింద రాసేశారు. దుర్గాబాయి చిన్నతనంలో గాంధీకి తన బంగారు గాజులు ఇచ్చేస్తే అది చరిత్రలో రాసుకున్నాం. రాయాలి కూడా. దేశానికిచ్చిన గాజులకి పేరుంది, ఫీజు కౌంటర్లో ఇచ్చిన గాజులకి లేదు.

మనలో చాలామందిమి కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేస్తున్నవాళ్లం. మన జీతాల్లో ఆ కవర్ల డబ్బుంది. పనికీ వేతనానికీ మధ్య దోపిడీ గురించి సెమినార్లలో పేపర్లు చదువుతాం, మన ఆఫీసు గదిలో దరఖాస్తు ఫారం ఎలా ఉందో చూడం. తల్లి పేరు అడగడమైతే అడుగుతున్నారు ఇప్పుడు, డబ్బు కట్టినవారి పేరు అడగరు. రసీదులో ఒక గీత కలపమని ఏ స్టాఫ్ మీటింగులోనూ మనం అడగలేదు. ప్రభుత్వ బకాయి తల్లి మీదికి తొయ్యకూడదని ప్రిన్సిపాల్‌తో గొడవపడ్డవాళ్లు ఎందరున్నారు? నేను పడలేదు. 2022లో రిటైరయ్యే దాకా పడలేదు. ఉద్యోగం పోతుందనే భయం, కాంట్రాక్టు వాళ్లకైతే అది మరీ ఎక్కువ, కాదనను. పర్మనెంటు వాళ్ల సంగతి?

ఈ వ్యాసం రాద్దామనుకున్నప్పుడు అక్కకి ఫోన్ చేశాను. కాసులపేరు ఎన్ని కాసులదే, తూకం గుర్తుందా అని అడిగాను. తూకం టకీమని చెప్పింది. ఎన్ని కాసులో, మధ్యలో పతకం మీద ఏ బొమ్మ ఉండేదో కూడా చెప్పింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

"అవన్నీ ఇప్పుడు రాస్తావుటే? వద్దులే, తమ్ముడు చదివితే నొచ్చుకుంటాడు" అంది.