చీకుల పొగ - మన ఆరోగ్యము

పలాస, టెక్కలి వెళ్ళినప్పుడు సాయంకాలము చీకులబండివద్ద ఆగుట మనలో పలువురికి అలవాటు. రుచి సరే, కీడును తెలిసికొనవలెను.

మాంసములోని కొవ్వు కరిగి నిప్పులపై పడి మండును. ఆ పొగలో క్యాన్సరు కలిగించు పదార్థములుండి, తిరిగి మాంసమునకే పట్టును. మాడి నల్లబడిన భాగములో మరికొన్ని చేరును. మేక, గొఱ్ఱె మాంసములను తరచు తినుట క్యాన్సరుకు కారణము కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో ప్రకటించినది. పైన మాడి లోపల పచ్చిగానున్న కోడిమాంసము వాంతులు, విరేచనములు తెచ్చును.

ఉద్దానమువారికి ఉప్పు సంగతి ముఖ్యము. ఇక్కడి కిడ్నీవ్యాధికి కారణమింకను తేలలేదు. నేరము చీకులపై మోపరాదు. కాని వ్యాధి సోకినవారికి ఉప్పు రక్తపోటును పెంచి, కిడ్నీలను మరింత చెరచును. వారు మాంసమెంత తినవచ్చునో వైద్యునడిగి తెలిసికొనవలెను. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది గదా!

బండ్లను తొలగింపుమని నేననను. అది బీదల జీవనము. పద్ధతి మారవలెను. జీడితొక్కల నూనె చర్మమును పొక్కించును, పొగ కండ్లను మండించును. వాటిపై మాంసము కాల్చరాదు. కొబ్బరిచిప్పల బొగ్గు రాజుకొని, పొగ పోయినపిమ్మట కొవ్వు తీసిన చిన్నముక్కలను ఎత్తుగా పట్టి, లోపలివరకు కాల్చవలెను. మాడినది పారవేయవలెను. గ్రామాధికారులు మాంసము తాజాదో కాదో, నీరు శుభ్రమో కాదో తనిఖీచేయవలెను. తినువారు ఎప్పుడో ఒకనాడు, కొద్దిగా తినుట మేలు.